‘ఏదైనా కావాలంటే చెప్పు’ అంటే సాయం చేసినట్టు కాదు

ఇంట్లో ఒకరికి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) అని తేలిన రోజు డాక్టర్ గదిలో మాటలన్నీ జబ్బు మనిషి చుట్టూనే తిరుగుతాయి. స్కాన్‌లో ఏముంది, ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, మళ్లీ ఎప్పుడు రావాలి. ఇవన్నీ రాసుకుని ఇంటికి వెళ్లే భార్యకో, కొడుక్కో, కోడలికో దక్కేది ఒక్క మాట: ‘కాస్త ఓపిగ్గా చూసుకోండి’. స్నానానికి రానని చెయ్యెత్తిన మనిషితో ఏం చేయాలో, రాత్రి మూడుసార్లు లేచి తలుపు తీసే మనిషి పక్కన ఎలా నిద్రపోవాలో ఎవరూ చెప్పరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో డిమెన్షియా వల్ల ప్రపంచానికి అయిన ఖర్చు 1.3 లక్షల కోట్ల డాలర్లు. అందులో దాదాపు సగం ఇంట్లోవాళ్లు, దగ్గరివాళ్లు జీతం లేకుండా చేసిన చాకిరీ విలువే. సగటున రోజుకు 5 గంటలు. ఆ గంటల్లో 70 శాతం ఆడవాళ్లవి. ఇంత పనికి నేర్పేవాళ్లు లేరు, సెలవు లేదు, డ్యూటీ మారే మనిషి లేడు. చుట్టాలు ఫోన్ చేసి ‘నీకు పుణ్యం వస్తుంది’ అంటారు. పుణ్యం సంగతేమోగానీ, ఆ పూట నిద్ర మాత్రం రాదు.

చూసుకునేవాళ్లకి కావలసినవి వేరు. పని ఎలా చేయాలో నేర్పాలి, ఖాయంగా దొరికే కొన్ని గంటల ఖాళీ ఇవ్వాలి, నిర్ణయాల బరువు పంచుకోవాలి. ఇవి దొరికితే ఎంత తేడా వస్తుందో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మేరీ మిటిల్‌మన్ బృందం చాలా ఏళ్లు గమనించింది. డిమెన్షియాలో ఒక రకమైన అల్జైమర్స్ ఉన్న భర్తనో భార్యనో చూసుకుంటున్నవాళ్లకు ఆరు కౌన్సెలింగ్ సమావేశాలు పెట్టారు. ఆ తర్వాత సపోర్ట్ గ్రూపులో చేర్చారు, అవసరమైనప్పుడల్లా ఫోన్‌లో మాట్లాడే ఏర్పాటు చేశారు. మామూలు సాయం మాత్రమే అందినవాళ్లతో పోలిస్తే, వీళ్లు తమవాళ్లని సంరక్షణ కేంద్రానికి పంపడం మీడియన్ (మధ్యస్థ) లెక్కలో 557 రోజులు వాయిదా పడిందని 2006లో ప్రచురించారు. ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ ఆరింటిలో చూసుకునే మనిషితో విడిగా జరిపినవి రెండే. మిగతా నాలుగూ కుటుంబం మొత్తాన్ని కూర్చోబెట్టి జరిపినవి. అంటే ఆ మందులో ఎక్కువ వంతు మింగింది పక్కనున్నవాళ్లు.

కాబట్టి ముందు ఆ కూర్చోవడం గురించే మాట్లాడుకుందాం.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకచోటో వీడియో కాల్‌లోనో కలిసే ముందు, చూసుకుంటున్న మనిషి ఒక వారం పాటు చేసిన ప్రతి పనీ గంటతో సహా రాసిపెట్టాలి. తెల్లవారుజామున 3 గంటలకి పక్కబట్టలు మార్చడం, అరగంట బతిమాలి మాత్ర వేయడం, ఒకే ప్రశ్నకి నలభైసార్లు జవాబు చెప్పడం, అన్నీ. ఆ కాగితం ముందుంటే ‘అంత కష్టమేముంది’ అనే మాట సగం ఆగిపోతుంది. తర్వాత పనుల్ని పేరు, రోజు, గంట పెట్టి పంచాలి. ‘వీలున్నప్పుడు వస్తాను’ పనికిరాదు. ‘ప్రతి మంగళవారం 3 నుంచి 7 వరకు నేనుంటాను’ పనికొస్తుంది. చూసుకునే మనిషి ఆ నాలుగు గంటల్ని నమ్మి తన పళ్ల డాక్టర్ అపాయింట్‌మెంట్ పెట్టుకోగలగాలి, అదీ లెక్క.

దూరంగా ఉన్నవాళ్లు కూడా చేతులు దులుపుకోనక్కర్లేదు. మందులు అయిపోకముందే తెప్పించడం, బిల్లులు కట్టడం, ఇన్సూరెన్స్ కాగితాలు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు, సహాయకుల కోసం వెతకడం ఎక్కడినుంచైనా చేయొచ్చు. రోజూ సాయంత్రం ఒకే సమయానికి వీడియో కాల్ చేసి పెద్దాయన్ని ఇరవై నిమిషాలు మాటల్లో పెడితే, ఇక్కడున్న మనిషి ప్రశాంతంగా స్నానం చేసి వస్తుంది. చిన్న విషయంలా ఉంటుంది గానీ దాని విలువ రోజంతా ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఈ ఏర్పాటు ఎక్కడ చెడుతుందో కూడా ముందే తెలుసు. డిమెన్షియా ఉన్నవాళ్లు చుట్టం వచ్చినప్పుడు గంటా రెండు గంటలు శక్తినంతా కూడగట్టుకుని చక్కగా మాట్లాడతారు. వచ్చినాయన ‘నాన్న బాగానే ఉన్నాడు కదా, నువ్వే కంగారు పడుతున్నావు’ అని తేల్చేసి వెళ్లిపోతాడు. ఆ రాత్రి నాన్న అలసటతో మరింత అయోమయంలో పడతాడు, పక్కనుండేది రోజూ చూసుకునే కూతురే. దీనికి వాదన మందు కాదు. అలా అన్న మనిషి చేతికి ఇల్లు అప్పగించి, చూసుకునే మనిషి రెండు రోజులు బయటికి వెళ్లాలి. పోట్లాటలు చాలావరకు అక్కడే తెగిపోతాయి. రోజువారీ విషయాల్లో, అంటే ఎప్పుడు స్నానం, ఏ బట్టలు, ఎంతసేపు టీవీ అన్నవాటిలో, పనిచేసే మనిషిదే ఆఖరి మాట కావాలన్నది నా ఉద్దేశం. ఆపరేషన్, ఇల్లు మారడం, సంరక్షణ కేంద్రం లాంటివి మాత్రం అందరి సంతకంతో జరగాలి. లేకపోతే నింద ఒక్కరి మీదే పడుతుంది.

ఆ ఖాళీ గంటల కోసం కొత్త మనిషిని కూర్చోబెట్టి వెళ్లిపోతే మొదటి రోజే గొడవవుతుంది. రెండు మూడుసార్లు ఇద్దరూ కలిసి ఉండాలి. పెద్దావిడకి ఇష్టమైన పనేదో మొదలుపెట్టాక మామూలుగా లేచి వెళ్లాలి. దొరికిన ఖాళీని బట్టలు ఉతకడానికో గది సర్దడానికో వాడితే అది ఖాళీ కాదు, వేరే పని. గడప దాటి బయటికి వెళ్లడమే మంచిది.

ఇక నేర్చుకోవలసిన పని. మొదటి పాఠం: ప్రవర్తన వెనక కారణం వెతకడం. కోపం, అరుపు, అటూ ఇటూ తిరగడం, దొంగతనం చేశావని నింద వేయడం ఊరికే రావు. ఒక నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయాలి: ఎన్నింటికి, అంతకుముందు ఏం జరిగింది, ఏం చేశారు, తర్వాత మనం ఏం చేశాం. వారం రాస్తే చాలు, తీరు బయటపడుతుంది. రోజూ సాయంత్రం 5 తర్వాతే గొడవైతే అలసట, ఆకలి, చీకటిపడుతుంటే గదిలో పెరిగే నీడలు కారణం కావచ్చు. చీకటి పడకముందే లైట్లు వేయడం, మధ్యాహ్నం కునుకును అరగంటకు తగ్గించడం, టీవీలో వార్తలు కట్టేయడం చేసి మళ్లీ వారం చూడాలి. ఒకేసారి పది మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

నొప్పి సంగతి మర్చిపోవద్దు. మాట తగ్గిపోయిన మనిషి ‘మోకాలు నొప్పి’ అని చెప్పలేరు, కొడతారు. నర్సులు వాడే పెయినాడ్ అనే కొలత ఐదు విషయాలు చూస్తుంది: ఊపిరి ఎలా ఉంది, మూలుగుతున్నారా, ముఖం ఎలా పెట్టారు, ఒళ్లు బిగబట్టారా, ఓదారిస్తే తగ్గుతున్నారా. ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు, మొత్తం 10. ఇంట్లో కూడా వేసుకోవచ్చు. ‘చికాకుగా ఉన్నారు’ అని చెప్పే బదులు ఈ అంకె చెబితే డాక్టర్ వినే తీరు మారుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: గంటల్లోనో, ఒకట్రెండు రోజుల్లోనో మనిషి ఉన్నట్టుండి మారిపోతే, అంటే నిన్నటిదాకా నడిచినవారు ఇవాళ మత్తుగా పడివున్నా, లేనివి కనబడుతున్నాయన్నా, దాన్ని ‘జబ్బు ముదిరింది’ అనుకుని వదిలేయకూడదు. డిమెన్షియా అంత వేగంగా ముదరడం అరుదు. అది డెలీరియం, అంటే ఒంట్లో మరో సమస్య వల్ల హఠాత్తుగా వచ్చే అయోమయం కావచ్చు. యూరిన్ ఇన్ఫెక్షన్, న్యుమోనియా, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, మూత్రం ఆగిపోవడం, కొత్తగా మొదలైన మందు, ఇలా దేనివల్లనైనా రావచ్చు. అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. జలుబుకి, దురదకి మామూలుగా వేసే క్లోర్‌ఫెనిరమైన్, డైఫెన్‌హైడ్రమైన్ లాంటి పాత రకం మాత్రలు, మూత్రం ఆపుకోలేనప్పుడు రాసే ఆక్సీబ్యుటినిన్, నిద్రకో నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్ కూడా తికమక పెంచుతాయి. జ్ఞాపకశక్తికి వాడే డొనెపెజిల్ ఏ రసాయనాన్ని పెంచాలని చూస్తుందో దాని పనికే ఇవి అడ్డుపడతాయి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు అన్ని మందుల డబ్బాలూ సంచిలో వేసుకు వెళ్లడం అందుకే.

మందుల్లో జరిగే పొరపాట్లలో, జ్ఞాపకశక్తికి వాడే, చర్మం మీద అంటించే రివాస్టిగ్మిన్ ప్యాచ్‌ది ప్రత్యేకం. పాతది తీయకుండా కొత్తది అంటించేస్తారు. రెండు మూడు ప్యాచ్‌లు ఒంటి మీద ఉంటే మందు ఎక్కువై వాంతులు, నాడి నెమ్మదించడం, స్పృహ తప్పడం జరుగుతాయి. రోజూ ఒకే సమయానికి ముందు పాతది తీసి, మధ్యకు మడిచి పారేసి, ఆ తర్వాతే కొత్తది అంటించాలి. దానిమీద తేదీ రాస్తే రెండో మనిషికీ అనుమానం ఉండదు. వీపు పైభాగంలో అంటిస్తే చెయ్యి అందదు కాబట్టి పీకేయరు. అదే చోట మళ్లీ 14 రోజుల దాకా అంటించకూడదు. మూడు రోజులకు మించి మానేస్తే పాత డోసుతో మళ్లీ మొదలుపెట్టకూడదు, డాక్టర్ కింది డోసు నుంచి మొదలుపెడతారు.

గొడవ చేస్తున్నారని రాసే యాంటీసైకోటిక్ (భ్రమలు, ఉద్రేకం తగ్గించే) మందుల గురించి కూడా అడగాల్సినవి అడగాలి. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఇవి మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరిక జారీ చేసింది. పక్షవాతం ముప్పూ ఉంది. లెవీ బాడీ అనే రకం డిమెన్షియా ఉన్నవాళ్లకైతే హాలోపెరిడాల్ లాంటివి ఒళ్లంతా బిగుసుకుపోయేలా చేసి ప్రాణం మీదికి తేవచ్చు. మనకీ వాళ్లకీ దెబ్బలు తగిలే పరిస్థితి ఉంటే ఈ మందు అవసరం కావచ్చు, కాదనను. కానీ ఏ ప్రవర్తన తగ్గడానికి ఇస్తున్నారు, ఎన్ని వారాలకి మళ్లీ చూస్తారు, ఎప్పుడు ఆపుతారు అన్న మూడూ చీటీ మీద రాయించుకోవాలి. సొంతంగా ఒక్కసారిగా ఆపడమూ తప్పే.

ఇప్పుడు స్నానం. చూసుకునేవాళ్లని ఎక్కువగా విసిగించేది ఇదే, పద్ధతి మారిస్తే తొందరగా దారికొచ్చేదీ ఇదే. రానని మొండికేయడానికి కారణాలు చూడండి: చలి, బట్టలు విప్పే సిగ్గు, తల మీద హఠాత్తుగా పడే నీళ్లు, జారిపోతాననే భయం. లోతు అంచనా వేయలేని కంటికి మెరిసే నేల నీటి గుంటలా కనిపిస్తుంది, నల్లటి కాలిపట్టా గొయ్యిలా కనిపిస్తుంది. అందుకని వాళ్లని పిలవకముందే గది వెచ్చగా ఉంచి, నీళ్లు, సబ్బు, తువ్వాళ్లు, మార్చుకునే బట్టలు అన్నీ చేతికందేలా పెట్టుకోవాలి. మధ్యలో వదిలేసి తువ్వాలు కోసం వెళ్తే పడిపోయేది అప్పుడే. జారని కుర్చీ వేయాలి. నీళ్లు 37, 38 డిగ్రీలు ఉంటే చాలు, మన ముంజేతి లోపలివైపు పోసి చూసుకోవాలి. ‘స్నానం చేద్దామా?’ అని అడిగితే ‘వద్దు’ అనే వస్తుంది. ‘రండి, నీళ్లు వెచ్చగా ఉన్నాయి’ అని చెయ్యి అందించాలి. ఒంటి మీద పెద్ద తువ్వాలు కప్పే ఉంచి, కడిగే భాగం వరకే తొలగించాలి. పాదాలతో మొదలుపెట్టి పైకి రావాలి, ముఖం ఆఖర్న. తలస్నానం వేరే రోజుకి పెట్టుకోవాలి. చేతికి ఒక చిన్న బట్టో మగ్గో ఇస్తే ఆ చేతులు మనల్ని కొట్టే పనిలో ఉండవు, పైగా తమ స్నానం తాము చేసుకుంటున్నట్టు ఉంటుంది.

అప్పటికీ కుదరకపోతే మంచం మీదే తువ్వాలు స్నానం చేయించొచ్చు. మనిషిని పొడి దుప్పటితో కప్పి ఉంచాలి. సుమారు రెండు లీటర్ల వేడి నీళ్లలో కడగక్కర్లేని సబ్బుద్రవం సీసా మీద చెప్పినంత కలిపి, పెద్ద తువ్వాలు ముంచి, నీళ్లు కారకుండా పిండాలి. వేడి ఎక్కువ లేదని చూసుకుని, దుప్పటిని కిందికి జరుపుతూ దాని స్థానంలో తడి తువ్వాలు పరుస్తూ పోవాలి. ఎక్కడా ఒళ్లు బయటపడదు. తువ్వాలు పైనుంచే మర్దన చేసినట్టు రుద్దాలి. తర్వాత పక్కకి తిప్పి మరో తువ్వాలుతో వీపు. జననాంగాలు, పిరుదులు విడి బట్టతో, ముందు నుంచి వెనక్కి. మళ్లీ కడగక్కర్లేదు. వారానికి రెండు మూడు స్నానాలు, మిగతా రోజుల్లో ముఖం, చంకలు, కింది భాగం శుభ్రం చేస్తే చర్మానికి సరిపోతుంది. రోజూ తప్పనిసరిగా స్నానం అన్న పట్టుదల మనదే, ఆ పట్టుదలని వదిలేస్తే ఇంట్లో సగం యుద్ధం ఆగుతుంది.

మాటకీ పద్ధతి ఉంది. ‘నేనెవరో చెప్పు చూద్దాం’, ‘గుర్తులేదా, పొద్దునే చెప్పాను కదా’ అనే పరీక్షలు మానేయాలి. ఒక వాక్యంలో ఒకే పని చెప్పాలి. చెప్పాక కనీసం పది సెకన్లు ఆగాలి. ఆ పది సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, ఆగలేక మళ్లీ చెబుతాం, దాంతో వాళ్లు మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. ‘ఇంటికి పోతాను’ అన్నప్పుడు ‘ఇది మన ఇల్లే’ అని రుజువు చేయడం దండగ. బాత్‌రూమ్ అవసరమేమో, భయమేస్తోందేమో చూడాలి. చనిపోయిన అమ్మ కోసం వెతుకుతుంటే ప్రతిసారీ చావు కబురు చెబితే ప్రతిసారీ కొత్తగా ఏడుస్తారు. ‘అమ్మ గుర్తొస్తోందా, అమ్మ గురించి చెప్పు’ అంటే అబద్ధమూ ఆడినట్టు కాదు.

తిండి, టాయ్‌లెట్ గురించి క్లుప్తంగా. కంచం రంగు అన్నం, కూరల రంగుకి భిన్నంగా, కొట్టొచ్చినట్టు ఉంటే ఎక్కువ తింటారు. 2004లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో గాఢమైన ఎరుపు పళ్లేలు వాడినప్పుడు అల్జైమర్స్ రోగులు సుమారు 25 శాతం ఎక్కువ తిన్నారు. నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలి, తర్వాత అరగంట పడుకోనివ్వకూడదు. టాయ్‌లెట్‌కి రెండు గంటలకోసారి మనమే తీసుకెళ్లాలి, రాత్రి ఆ దారిలో చిన్న లైటు వెలుగుతుండాలి. ఇంట్లోంచి కనబడకుండా పోతే గదులు, చుట్టుపక్కల పదిహేను నిమిషాలు వెతకండి, అప్పటికీ దొరక్కపోతే పోలీసులకి చెప్పేయండి. ఈమధ్య తీసిన ఫొటో ఫోన్‌లో సిద్ధంగా ఉండాలి.

మళ్లీ చూసుకునే మనిషి దగ్గరికి. చూసుకునేవాళ్ల మీద పడే భారాన్ని కొలిచే జారిట్ అనే ప్రశ్నావళి ఉంది, 22 ప్రశ్నలు, 0 నుంచి 88 వరకు స్కోరు. మూడు నెలలకోసారి నింపి తన సొంత డాక్టర్‌కి చూపించాలి. స్కోరు పెరుగుతూ పోతుంటే అది బలహీనత కాదు, ఏర్పాట్లు చాలడం లేదన్న సమాచారం. నిద్ర విషయంలో బేరం వద్దు: వారంలో వరసగా రెండు రాత్రులు వేరొకరు మేలుకోవాలి, చూసుకునే మనిషి వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి. ఒక రాత్రి విడిగా దొరికితే అలవాటుకొద్దీ మెలకువ వచ్చేస్తుంది. జబ్బు మనిషిని కుర్చీలోంచి లేపేటప్పుడు చంకల్లో చేతులు పెట్టి గుంజితే వాళ్ల భుజం, మన నడుము రెండూ పోతాయి. కుర్చీ అంచుకు జరిపి, పాదాలు వెనక్కి పెట్టించి, ముందుకి వంగమని, మన మోకాళ్లు వంచి వాళ్ల నడుము బెల్టు పట్టుకుని లేపాలి. దీన్ని ఫిజియోథెరపిస్ట్ దగ్గర ఒకసారి చేసి చూపించుకోవాలి.

విసుగొచ్చి చెయ్యెత్తబోయిన క్షణం ప్రతి ఇంట్లోనూ వస్తుంది, ఎవరూ ఒప్పుకోరు. అప్పుడు వాళ్లు పడిపోకుండా కూర్చుని ఉన్నారని చూసుకుని, గదిలోంచి బయటికి వచ్చేయాలి, ఐదు నిమిషాలు. స్నానం, మందు, ఏదైనా అరగంట ఆగుతుంది. ఆ క్షణాలు తరచుగా వస్తున్నాయంటే గంటలు పెంచి మనిషిని పెట్టుకోవాలి, ఓపిక పెంచుకోమని సలహా ఇవ్వకూడదు. బతికే ఉన్నా మనవాళ్లు మనకి దక్కకుండా పోతున్న ఈ బాధని పాలీన్ బాస్ అనే పరిశోధకురాలు కొన్ని దశాబ్దాల క్రితమే గుర్తించి రాశారు. చావు కాదు కాబట్టి ఎవరూ పరామర్శించరు, అందుకే అది లోపలే ఉండిపోతుంది. దాన్ని చెప్పుకోవడానికి ఇంట్లోవాళ్ల కన్నా అదే పనిలో ఉన్న మరో ఇద్దరు ముగ్గురు మంచి శ్రోతలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చూసుకునేవాళ్ల కోసమే ఐసపోర్ట్ అనే శిక్షణ తయారుచేసింది, ఐదు భాగాలు, 23 చిన్న పాఠాలు. రాత్రి ఒక్కో పాఠం చదువుకునేలా ఉంటుంది.

సంతకం పెట్టే తెలివి ఉన్నప్పుడే బ్యాంకు, ఆస్తి, వైద్య నిర్ణయాల కాగితాలు లాయర్‌తో పూర్తిచేయించాలి. ‘ఇప్పుడే ఎందుకులే’ అని ఆగినవాళ్లు తర్వాత కోర్టుల చుట్టూ తిరుగుతారు.

చివరిగా, ఎవరింట్లోనూ సిద్ధంగా ఉండని కాగితం ఒకటి. చూసుకునే మనిషికే జ్వరమొచ్చి పడిపోతే మరొకరు గంటలో పని అందుకునేలా ఒకే పేజీలో రాయాలి: ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు, కళ్లద్దాలు, వినికిడి యంత్రం ఎక్కడ, మందులు ఏవి, ఎన్ని గంటలకి, ఏ మందు పడదు, ఎలా తింటారు, టాయ్‌లెట్ వేళలు, దేనికి భయపడతారు, ఏం చేస్తే కుదుటపడతారు, నొప్పి ఉంటే ఎలా కనిపిస్తారు, డాక్టర్ నంబరు, రెండో మనిషి నంబరు. ఒక ప్రతి ఫ్రిజ్ తలుపు మీద, ఒకటి రెండో మనిషి ఫోన్‌లో, ఒకటి ఆసుపత్రి సంచిలో. పైన తేదీ వేయాలి. మందు మారిన రోజే మూడు ప్రతులూ మార్చాలి, లేకపోతే ఎమర్జెన్సీలో అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్ ఆ పాత డోసే రాసేస్తారు.